అండాశయ క్యాన్సర్: ప్రోటీన్లు చెప్పేదెంత?

ఒక అంకె, మూడు ప్రశ్నలు

కడుపు ఉబ్బరమని వచ్చిన యాభై ఏళ్ల మనిషికి మొదట గ్యాస్ మాత్రలు, కొన్నాళ్లకు స్కానింగు, గడ్డ కనబడితే సీఏ-125 రక్తపరీక్ష. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి ఊళ్లలో అండాశయ క్యాన్సర్ బయటపడే వరస చాలావరకు ఇదే. రిపోర్టులో అంకె పక్కన 0–35 అని హద్దు అచ్చయి ఉంటుంది. అది దాటితే అంకె లావు అక్షరాల్లో వస్తుంది. అప్పుడు ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే: ఎంత ఎక్కువుంటే అంత ప్రమాదమా?

వైద్య పత్రికల్లో నలభై ఏళ్లుగా నడుస్తున్న వాదానికి మూలం కూడా ఈ ప్రశ్నే. ఒకే అంకెను మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పమనడంతో అది చిక్కుపడింది. ఈ గడ్డ క్యాన్సరేనా? క్యాన్సరైతే ఈమె ఎన్నాళ్లు బాగుంటుంది? ఫలానా మందు ఈమెకు పనిచేస్తుందా? మొదటిది నిర్ధారణ, రెండోది రోగగమనం అంచనా, మూడోది మందు ఎంపిక. ఒక ప్రోటీన్ మొదటి ప్రశ్నకు అక్కరకొచ్చినంత మాత్రాన రెండోదానికి వస్తుందని లేదు. ఈ తేడా పాటించని పరిశోధన వ్యాసాలు గుట్టలుగా ఉన్నాయి.

2022 గ్లోబోకాన్ అంచనా ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 47 వేల మందికి ఈ జబ్బు కొత్తగా వస్తోంది, సుమారు 33 వేల మంది దీనితో చనిపోతున్నారు. ఎక్కువ మంది మూడో దశలోనో నాలుగో దశలోనో దొరుకుతారు. రోగగమనాన్ని నిర్ణయించే పాత అంశాలు అందరికీ తెలిసినవే: దశ, కణాల రకం, వయసు, అన్నిటికంటే ముఖ్యంగా ఆపరేషన్ తర్వాత కడుపులో గడ్డ ఎంత మిగిలిందన్నది. వీటికి తోడు ఇంకేమైనా కొత్త విషయం చెబితేనే ఒక ప్రోటీన్‌కు విలువ. వీటినే మరో పేరుతో తిరిగి చెబితే దానికి పెట్టిన డబ్బు దండగ. ఈ వ్యాసం ఆ కొలబద్దనే వాడుతుంది.

సీఏ-125: మొదటి వ్యాసంలోనే ఉన్న సూచన

1981లో బోస్టన్‌లో రాబర్ట్ బాస్ట్, రాబర్ట్ నాప్ బృందం ఓసీ-125 అనే యాంటీబాడీని తయారుచేసింది. అది పట్టుకునే పదార్థానికే సీఏ-125 అని పేరు. 1983లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వాళ్లు వేసిన లెక్క ఇది: 888 మంది ఆరోగ్యవంతుల్లో ఒక శాతం మందికే అంకె 35 దాటింది, అండాశయ క్యాన్సర్ ఉన్న 101 మందిలో 82 శాతానికి దాటింది. ఈనాటికీ జమ్మలమడుగులో చేతికొచ్చే రిపోర్టు మీద కనబడే గీత ఆ లెక్కలోంచి వచ్చిందే.

అదే వ్యాసంలో ఇంకో లెక్క ఉంది. చికిత్స సాగుతుండగా అంకె పెరగడం, తగ్గడం అనేవి జబ్బు ముదరడం, తగ్గడంతో 45 సందర్భాల్లో 42 సార్లు సరిపోలాయి. లోకమంతా మొదటి లెక్కను పట్టుకుని జబ్బును ముందే కనిపెట్టే కలగన్నది. ఈ ప్రోటీన్ అసలు బలం రెండో లెక్కలో ఉందని ఒప్పుకోవడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

ఆ కలకు అయిన ఖర్చు చిన్నది కాదు. అమెరికాలో 78 వేల మందితో జరిగిన పీఎల్‌సీఓ అధ్యయనం ఏటేటా స్క్రీనింగ్ చేస్తే మరణాలు తగ్గవని 2011లో తేల్చింది. పైగా జబ్బు లేకున్నా ఉందని తప్పుడు ఫలితం వచ్చినవాళ్లలో వెయ్యి మందికి పైగా ఆపరేషన్ దాకా వెళ్లారు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా చేర్చుకున్న యూకేసీటీఓసీఎస్ అంకెను ఒక్కసారి చూసి వదలకుండా ఏడాదికేడాది మార్పును లెక్కగట్టింది. జబ్బు కాస్త ముందే దొరికింది. మరణాలు మాత్రం తగ్గలేదని 2021లో ప్రకటించారు.

కారణం కొంతవరకు ఆ ప్రోటీన్ స్వభావంలోనే ఉంది. ఎంయూసీ16 అనే ఈ పెద్ద అణువును అండాశయం ఒక్కటే తయారుచేయదు. కడుపు లోపలి పొరకు, ఊపిరితిత్తుల పొరకు ఏ రాపిడి జరిగినా అది రక్తంలోకి వస్తుంది. నెలసరి, గర్భం, ఎండోమెట్రియోసిస్, కాలేయం గట్టిపడటం, గుండె బలహీనత, ఏదైనా కావచ్చు. మన దగ్గర వీటన్నిటికంటే ముందు తలచుకోవలసింది కడుపులో క్షయ. కడుపులో నీరు చేరుతుంది, మనిషి చిక్కిపోతుంది, స్కానింగులో అతుకులు, గడ్డలు కనబడతాయి, సీఏ-125 వందల్లోకి వెళుతుంది. చూడ్డానికి మూడో దశ క్యాన్సర్‌కూ దీనికీ తేడా ఉండదు. ముక్క తీసి పరీక్ష చేయిస్తే క్షయ అని తేలి, మాత్రలతో నయమయ్యేవాళ్లున్నారు. అంకె చూసి భవిష్యత్తు చెప్పేవాళ్లు ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

ఇక చికిత్సకు ముందున్న అంకె సంగతి. అది కడుపులో ఎంత గడ్డ, ఎంత నీరు ఉందో చెబుతుంది. దశను, ఆపరేషన్‌లో మిగిలిన గడ్డను లెక్కలోకి తీసుకున్నాక అది అదనంగా చెప్పేది బహు తక్కువ. 3,000 ఉన్న మనిషి 300 ఉన్న మనిషికంటే బాగా కోలుకోవడం అరుదేమీ కాదు. చికిత్స ముగిశాక అంకె ఎంత కిందికి దిగిందన్నది వేరే కథ. కీమోకు పూర్తిగా లొంగిన రోగులపై మార్క్‌మన్ బృందం 2006లో చూపింది చూడండి. అందరి అంకె 35 లోపే, అంటే రిపోర్టు ప్రకారం అందరూ మామూలే. అయినా 10 లోపు ఉన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టేసరికి మధ్యస్థంగా 24 నెలలు, 11–20 మధ్య ఉంటే 17 నెలలు, 21–35 మధ్య ఉంటే 7 నెలలు. లావు అక్షరాలు లేని రిపోర్టులోనే ఇంత తేడా దాగి ఉంది.

కొత్త ప్రోటీన్ల వేట

ఒక్క ప్రోటీన్ చాలదనుకున్నవాళ్లు గుంపులుగా వెతకడం మొదలుపెట్టారు. ఈ మార్గంలో అన్నిటికంటే పెద్ద పాఠం 2002 నాటిది. పెట్రికాయిన్, లియోటా బృందం రక్తంలోని ప్రోటీన్ల ఆకృతిని యంత్రంతో చదివి, తమ పరీక్షలో 50 క్యాన్సర్లకు 50 పట్టుకున్నామని లాన్సెట్‌లో రాసింది. ఒవాచెక్ పేరుతో దాన్ని అమ్మకానికి సిద్ధం చేశారు. కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే గణాంక నిపుణులు అదే డేటాను తిరగేశారు. నమూనాలను నడిపిన తీరులోని తేడాలు, యంత్రపు పొరపాట్లు కూడా అలాంటి ఆకృతులను పుట్టించగలవని చూపారు. అమెరికా ఎఫ్‌డీఏ అడ్డుచెప్పడంతో ఆ పరీక్ష బజారుకు రాలేదు. 2008లో ఒవాష్యూర్ అనే ఆరు ప్రోటీన్ల పరీక్ష అమ్మకానికొచ్చి, ఎఫ్‌డీఏ హెచ్చరికతో నెలల్లోనే వెనక్కిపోయింది.

ఈ రెండు దెబ్బల తర్వాత నిలబడినవి తక్కువ. హెచ్ఈ4 వాటిలో ఒకటి. మొదట పురుషుల వృషణ నాళికల్లో కనబడిన ఈ ప్రోటీన్‌ను జబ్బు తిరగబెట్టడాన్ని కనిపెట్టేందుకు 2008లో ఎఫ్‌డీఏ అనుమతించింది. ఎండోమెట్రియోసిస్‌లో ఇది సీఏ-125 లాగా పెరగదు, అదే దీని లాభం. మూత్రపిండాలు దెబ్బతింటే మాత్రం క్యాన్సర్ లేకున్నా పెరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత విస్తరించిందో తెలిసినవాళ్లకు, మధుమేహంతో క్రియాటినిన్ పెరిగిన రోగులను రోజూ చూసే ల్యాబులవాళ్లకు ఇది చిన్న విషయంగా అనిపించదు. 2009లో వచ్చిన ఒవా1 సీఏ-125కు మరో నాలుగు ప్రోటీన్లు జోడించింది. దాని పని గడ్డ ఉన్న మనిషిని క్యాన్సర్ సర్జన్ దగ్గరికి పంపాలా అన్నది తేల్చడం వరకే. దానితో ఆయుష్షు లెక్కగట్టేవాళ్లు దాని అనుమతి పత్రం చదవలేదనుకోవాలి.

పీఎల్‌సీఓలో జబ్బు బయటపడక ముందే దాచిన రక్తంపై రెండు డజన్లకు పైగా మార్కర్లకు పోటీ పెట్టి, 2011లో ఫలితం ప్రకటించారు. విడిగా చూస్తే పాత సీఏ-125దే మొదటి స్థానం.

గర్భసంచి తీసేసిన ఊళ్లలో

పాఠ్యపుస్తకాల్లో లేని ఒక చిక్కు మన రాష్ట్రానికి ప్రత్యేకం. 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, దేశంలోనే అత్యధికం. తెలంగాణ దాని వెనకే ఉంది. ముప్పై దాటీ దాటకముందే, తెల్లబట్ట అవుతోందనో నడుము నొప్పి అనో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు రాయలసీమ పల్లెల్లో కొత్త కాదు.

ఇది ప్రోటీన్ లెక్కలోకి ఎలా వస్తుందో చూద్దాం. 1990లో ఇయాన్ జాకబ్స్ రూపొందించిన రిస్క్ సూచికలో మూడు అంశాలను గుణిస్తారు: స్కానింగు లక్షణాలకు 0, 1 లేదా 3; ముట్టు ఆగకపోతే 1, ఆగితే 3; దానికి సీఏ-125. ఫలితం 200 దాటితే క్యాన్సర్ ఆసుపత్రికి పంపాలి. నలభై ఏడేళ్ల ఆవిడకు స్కానింగు మార్కు 3, సీఏ-125 అంకె 40 అనుకుందాం. ముట్టు ఆగలేదంటే ఫలితం 120, ఆగిందంటే 360. ఆమెకు ముప్పై రెండో ఏట గర్భసంచి తీసేశారు, అండాశయాలు ఉంచారో లేదో కాగితం లేదు. ముట్టు ఆగిందా అన్న ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఎక్కడుంటుంది? గర్భసంచి లేనివాళ్లలో యాభై దాటినవాళ్లనే ముట్టు ఆగినవాళ్లుగా లెక్కించమంటుంది ఆ సూత్రం. కానీ చిన్న వయసులో గర్భసంచి తీస్తే, ఉంచిన అండాశయాలు కూడా కొంత ముందుగానే పని మానే అవకాశం ఎక్కువ. హెచ్ఈ4ను కలిపి లెక్కించే రోమా సూత్రానికీ ఇదే ఇబ్బంది, దానికి ముట్టును బట్టి రెండు వేర్వేరు సమీకరణాలున్నాయి. ఇలాంటప్పుడు అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో సూచించే ఎఫ్ఎస్‌హెచ్ పరీక్ష కొంత దారి చూపుతుంది.

120 అని తేలిన మనిషికి ఊళ్లోనే నర్సింగ్ హోంలో గడ్డ తీసేస్తారు. తీసేటప్పుడు అది పగలవచ్చు. కడుపులోని కొవ్వు పొర నుంచి, గ్రంథుల నుంచి నమూనాలు తీయరు. తర్వాత క్యాన్సర్ అని రిపోర్టు వస్తే దశ ఏదో ఎవరూ గట్టిగా చెప్పలేరు. రోగగమనం అంచనాకు ఆధారమైన రెండు ప్రధాన విషయాలూ, దశా మిగిలిన గడ్డా, అక్కడే పోతాయి. ఆ తర్వాత ఎన్ని ప్రోటీన్లు కొలిచినా ఆ లోటు పూడదు.

ముక్కను అడిగేవాళ్లు

రక్తాన్ని వదిలి కణజాలాన్నే అడగాలన్నది మరో వర్గం. వీళ్ల పనిముట్టు ఐహెచ్‌సీ, అంటే మైనపు దిమ్మెలో దాచిన ముక్కపై యాంటీబాడీతో రంగు పట్టించడం. ఈ దారిలో మలుపు 2008లో వాంకూవర్ నుంచి వచ్చింది. మార్టిన్ కోబెల్ బృందం 500 గడ్డల్లో 21 ప్రోటీన్లను పరిశీలించి, వాటిలో 20 కణాల రకాన్ని బట్టి మారుతున్నాయని చూపింది. అన్ని రకాలనూ ఒకే రాశిగా పోసి చూస్తే కేఐ-67 లాంటి మార్కర్ భవిష్యత్తు చెబుతున్నట్టే ఉంటుంది. రకాలు విడదీస్తే ఆ శక్తి ఎగిరిపోతుంది. ఆ మార్కర్ చెప్పింది గడ్డ హై గ్రేడ్ సీరస్ రకమని, ఆ సంగతి మైక్రోస్కోపులోనే కనబడుతోంది. అంతకుముందు వచ్చిన వందలాది వ్యాసాల్లో చాలావాటికి ఈ ఒక్క పరిశీలనతో కాళ్లు విరిగాయనడం అతిశయోక్తి కాదు. మార్కర్ అధ్యయనాలు ఎలా రాయాలో చెప్పే రిమార్క్ నియమాలు 2005లోనే వచ్చినా, వాటిని గౌరవించినవాళ్లు తక్కువ.

పీ53, డబ్ల్యూటీ1 రంగులు ఈనాడు రకం తేల్చడానికి తప్పనిసరి. హై గ్రేడ్ సీరస్ గడ్డల్లో నూటికి సుమారు 96లో టీపీ53 జన్యువు దెబ్బతిని ఉంటుందని 2011లో టీసీజీఏ అనే జన్యు అధ్యయనం చూపింది. అందరిలో ఉన్నది ఒకరి నుంచి మరొకరిని వేరుచేయలేదు గనక ఆ రకం లోపల పీ53 రంగు రోగగమనానికి పెద్దగా అక్కరకు రాదు.

పరీక్షకు నిలిచినవి రెండు. దాదాపు మూడు వేల మంది నమూనాలతో 2013లో వచ్చిన ఓటీటీఏ అధ్యయనంలో ప్రొజెస్టిరాన్ రిసెప్టర్ ఉన్న హై గ్రేడ్ సీరస్, ఎండోమెట్రియాయిడ్ రోగులు ఎక్కువ కాలం బతికారు. రెండోది గడ్డలోకి చొరబడిన సీడీ8 కణాలు, అంటే రోగనిరోధక శక్తికి చెందిన ఒక రకం టీ కణాలు. 2003లో ఝాంగ్ బృందం 186 మందిలో చూసినప్పుడు, గడ్డలో టీ కణాలున్నవాళ్లలో ఐదేళ్లు బతికినవారు 38 శాతం, లేనివాళ్లలో 4.5 శాతం. 2017లో అయిదు వేలకు పైగా నమూనాలతో అదే ధోరణి తేలింది: సీడీ8 కణాలు ఎంత ఎక్కువైతే అంత మేలు. ఇంత గట్టి ఆధారమున్నా ఆ లెక్క రోజువారీ రిపోర్టులోకి రాలేదు. ఎందుకంటే అది తెలిసినా ఇవ్వాల్సిన మందు మారదు. ఇమ్యూనోథెరపీ మందులు ఈ జబ్బులో ఆశించినంత పనిచేయలేదు.

మందును మార్చే ప్రోటీన్ ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా. ముక్కలో 75 శాతం పైగా కణాలకు తగినంత రంగు పడితే మిర్వెటక్సిమాబ్ అనే మందు ఇవ్వవచ్చని 2022లో ఎఫ్‌డీఏ అనుమతించింది. ప్లాటినం కీమోకు లొంగని జబ్బులో మధ్యస్థ ఆయుష్షు మామూలు కీమోతో 12.7 నెలలుంటే దీనితో 16.5 నెలలని మిరాసోల్ అధ్యయనం చూపింది. ఫోలిక్ యాసిడ్‌ను, దానికి విరుగుడు మందులను 1940లలో లెడర్లీలో సాధించిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అని ఇక్కడ గుర్తొస్తే తప్పులేదు. అయితే ఈ రిసెప్టర్ ఉంటే రోగం దానంతటదే ఎలా నడుస్తుందన్న దానిపై ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. మందు ఎంపికకు పనికొచ్చేది, రోగగమనానికి పనికిరానిది అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

ఈ రంగులన్నీ ముక్కను ఎలా దాచారన్న దానిపై ఆధారపడతాయి. తీసిన ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ పోసి, కనీసం ఆరు గంటలు, మూడు రోజులకు మించకుండా ఉంచాలి. సెలైన్ సీసాలో వేసి బస్సులో పంపిన ముక్క మీద ఎంత ఖరీదైన యాంటీబాడీ వేసినా వచ్చే జవాబును నమ్మలేం. కడప జిల్లా నుంచి తిరుపతికో వేలూరుకో బెంగళూరుకో వెళ్లే కుటుంబాలు ప్లాస్టిక్ కవరులో మైనపు దిమ్మె, గాజు పలకలు పట్టుకుని వెళతాయి. కడప రిమ్స్‌లో క్యాన్సర్ విభాగం, 2022 నుంచి తిరుపతిలో టాటా ట్రస్టుల ఆసుపత్రి అందుబాటులోకి వచ్చాక దూరం కొంత తగ్గింది. ముక్క మీద మొదటి గంటలో జరిగేది మాత్రం ఆపరేషన్ చేసిన ఊళ్లోనే జరుగుతుంది.

వేగాన్ని లెక్కించేవాళ్లు

మూడో వర్గం కొత్త ప్రోటీన్ అడగదు. పాత సీఏ-125 ఎంత వేగంగా పడిపోతోందో చూస్తుంది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో బెనువా యూ బృందం రూపొందించిన కెలిమ్ సూచికకు కావలసింది కీమో మొదలైన తొలి 100 రోజుల్లో కనీసం మూడు సీఏ-125 ఫలితాలు, వాటి తేదీలు. లెక్కకట్టే సాధనం ఇంటర్నెట్‌లో ఉచితం. ఫలితం 1 గానీ అంతకు మించి గానీ వస్తే గడ్డ కీమోకు బాగా లొంగుతోందని, తగ్గితే మొండిదని అర్థం. ఇద్దరికీ మొదట 1,200 అనుకోండి. ఒకామెకు మూడేసి వారాల తేడాతో 500, 180 అయ్యాయి, ఇంకొకామెకు 950, 760. ఇద్దరి అంకెలూ తగ్గాయి గనక ఇద్దరికీ మంచిదేనని ఇంటికి పంపడం మామూలు. ఐకాన్7, జీఓజీ-218 లాంటి పెద్ద అధ్యయనాల డేటాలో వేసి చూస్తే ఈ ఇద్దరి దారులూ వేరు. రెండో ఆమె లాంటివాళ్లలో, గడ్డ మిగిలిపోతే, కీమోకు బెవాసిజుమాబ్ అనే మందు కలిపినందువల్ల లాభం ఎక్కువగా కనబడింది.

మూడు వర్గాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రోటీన్ల గుంపుల వాళ్లకు ఖర్చు ఎక్కువ, రోగగమనంపై ఆధారం తక్కువ. కణజాలం వాళ్లకు ఆధారం గట్టిది, కానీ అది ముక్క నాణ్యతకు, పెద్ద ల్యాబుకు కట్టుబడి ఉంది. వేగం వాళ్లకు కావలసింది వెయ్యి రూపాయలకు అటూ ఇటూ అయ్యే పరీక్ష మూడుసార్లు. కడప జిల్లా లాంటి చోట ఈ మూడోదానికే ముందు చోటివ్వాలని నా అభిప్రాయం. దాని బలహీనతలు తెలిసే ఈ మాట చెబుతున్నాను.

వేగాన్ని చూడటం ఒకటి, పెరగ్గానే మందు మొదలుపెట్టడం మరొకటి. 2010లో గోర్డన్ రస్టిన్ నాయకత్వంలో వచ్చిన ఎంఆర్‌సీ ఓవీ05 అధ్యయనంలో 529 మందిని రెండుగా విడదీశారు. లక్షణాలు లేకున్నా అంకె పెరగ్గానే ఒక వర్గానికి కీమో ఇచ్చారు, రెండో వర్గానికి లక్షణాలు వచ్చేదాకా ఆగారు. మొదటి వర్గానికి కీమో దాదాపు అయిదు నెలలు ముందు మొదలైంది. ఆయుష్షులో తేడా లేదు: 25.7 నెలలు, 27.1 నెలలు. జీవన నాణ్యత మాత్రం మొదటివాళ్లకే ముందుగా దెబ్బతింది. మరి చికిత్సయ్యాక సీఏ-125 చేయించడమే మానాలా? రస్టిన్ వాదన దాదాపు అదే, కనీసం నిర్ణయం రోగికి వదలాలంటాడు. ఆ అధ్యయనం, క్యాన్సర్ కణం తన డీఎన్ఏను బాగుచేసుకోకుండా ఆపే పార్ప్ మందులకు ముందు కాలానిదని, రెండో ఆపరేషన్‌ను అది పట్టించుకోలేదని ఎదుటి పక్షం అంటుంది. వాళ్ల చేతికి 2021లో డెస్క్‌టాప్-3 దొరికింది. తిరగబెట్టిన జబ్బుకు జాగ్రత్తగా ఎంచినవాళ్లలో మళ్లీ ఆపరేషన్ చేస్తే మధ్యస్థ ఆయుష్షు 46 నుంచి 53.7 నెలలకు పెరిగింది. అంతకు రెండేళ్ల ముందు జీఓజీ-213 అలాంటి లాభమేదీ లేదని చెప్పి ఉంది. రోగుల ఎంపికే ఈ తేడాకు కారణమని చాలామంది అనుకుంటున్నారు.

తేలనివి

కెలిమ్‌కు ఉన్న ఆధారంలో ఎక్కువ భాగం పాత అధ్యయనాల డేటాను తిరిగి తవ్వి తీసినది. దాన్ని చూసి చికిత్స మారిస్తే ఆయుష్షు పెరుగుతుందని ముందుకు నడిచే అధ్యయనంలో ఇంకా రుజువు కాలేదు. సీఏ-125 మొదటి నుంచీ పెరగని మ్యూసినస్, క్లియర్ సెల్ రకాల్లో అది నోరు మెదపదు. బీఆర్‌సీఏ లోపం ఉన్నవాళ్లలో పార్ప్ మందు కథనే మార్చేసింది. సోలో-1 అధ్యయనంలో ఏడేళ్ల తర్వాత ఒలాపరిబ్ అనే పార్ప్ మందు తీసుకున్నవాళ్లలో 67 శాతం బతికున్నారు, తీసుకోనివాళ్లలో 46.5 శాతం. ఇలాంటి మందుల కాలంలో పాత అంకెల హద్దులు నిలుస్తాయా అన్నది తెరిచి ఉన్న ప్రశ్న.

ఆపరేషన్, కీమో ఖర్చుల భారం ఆరోగ్యశ్రీ వచ్చాక పేదలకు చాలావరకు తగ్గింది. పులివెందుల శాసనసభ్యుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా 2007లో మొదలైన ఆ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. దానితో చికిత్స ఒక ఊళ్లో, రక్తపరీక్ష ఇంకో ఊళ్లో జరగడం మామూలైంది. కీమో తిరుపతిలో, సీఏ-125 ఒకసారి ప్రొద్దుటూరులో, ఇంకోసారి కడపలో. ఒక్కో కంపెనీ కిట్ ఒక్కో యాంటీబాడీ వాడుతుంది, ఒకే రక్తానికి వేర్వేరు అంకెలు ఇవ్వగలదు. మూడు కిట్ల ఫలితాలను ఒకే గీతలో కలిపి వేగం లెక్కగడితే అది ఎంత నమ్మదగినదన్నది తేలలేదు. తేలేదాకా, మొదటి కీమోకు ముందు ఏ ల్యాబులో పరీక్ష చేయించారో మిగతావీ అక్కడే చేయించమని ఫైలు అట్ట మీద రాసి ఇవ్వడానికి డాక్టరుకు అయ్యే ఖర్చేమీ లేదు.